తోడికోడలి పళ్లెం

కాలువ తూములు వాటంతటవే తెరుచుకునే రోజులొచ్చాయి. కోనసీమలో ఏ చేను ఎండకి ఎంత నీరు పోగొట్టుకుంటే, తెల్లారి దానికి అంతే నీరు. ఆ లెక్క ఎలా కట్టాలన్నది మాత్రం రైతు ఇష్టం.

పేరంటాలు ఉపగ్రహం లెక్క కోరుకుంది. పక్క చేను ఆమె తోడికోడలు మాణిక్యానిది. గట్టు మీద నీళ్ల పళ్లెం పెట్టి, అందులో ఎంత తగ్గితే అంతే తన లెక్కంటుంది. ఒకటే వరి, ఒకటే ఎండ. పేరంటాలుకి నాలుగు మిల్లీమీటర్లు, మాణిక్యానికి ఏడు! పొట్ట మీదున్న దాళ్వా, అంటే రెండో పంట చేను, ఇక్కడ నెర్రెలిస్తోంది, అక్కడ నిగనిగలాడుతోంది.

“దాని చేనుకే చెమట్లు పడతన్నాయా?” అని మొగుడి మీద ఎగిరి, తనూ పళ్లెం పెట్టింది. అయినా నాలుగే.

కడుపుమంట ఆగక ఓ ఉదయం గట్టుచాటున కాపు కాసింది. బాతుల మంద ఒకటి వచ్చి మాణిక్యం పళ్లెంలో కడుపారా తాగింది.

“ఏవే మాణిక్యం! నీ ఏడూ బాతులు తాగిన నీళ్లటే!”

మాణిక్యం తాపీగా వచ్చింది. “బాతులు నీయే గదక్కా. కాళ్లకి ఆ ఎర్రదారాలు నువ్వు కట్టినయ్యేగా!”

పేరంటాలు తన నిండు పళ్లెం వంక చూసుకుని కర్ర అందుకుంది.

“గింజలు నావీ, నీళ్లు దానివీనా? నడవండే, ఇక్కడ తాగండి!”