అరవై మూడో వాయిదా

రేపల్లె నుంచి తెనాలి కోర్టుకు రావడం ముత్తయ్యకు ఇది అరవై మూడోసారి.

మిల్లూ కొట్టూ ఉన్న బియ్యం వ్యాపారి కదా, లెక్క తప్పదు. ఎనభై ఐదులో మొదలైంది కేసు. ఇప్పుడు తొంభై ఏడు. ఐదుగురు జడ్జీలు మారారు. ఒకసారి జడ్జి గారికి సెలవు, ఒకసారి సాక్షికి జ్వరం. తన వకీలు కృపారావు ఇంట్లో అయితే ఒక్క ఏడాదే మూడు పెళ్లిళ్లు. వరండాలో కూర్చుని కూర్చుని ముత్తయ్యకు నడుం పోయింది. తను పోయేలోపు ఈ పీడ వదిలితే చాలు, అదొక్కటే అతని కోరిక.

అవతలి స్తంభం దగ్గర సుబ్బులమ్మ కూర్చుంది. ఆమెదీ రేపల్లే. అదే బండికి వస్తుంది, అదే బండికి వెళ్తుంది. ఒక్క వాయిదా మానలేదు. మొదట్లో నల్లటి జడ. ఇప్పుడు నెరిసిన ముడి.

"ఏంటండీ షావుకారు గారూ, మీ అమ్మాయి చదువు అయిపోయిందంటగా?"

"ఎప్పుడో అయిపోయిందమ్మా."

"దొంగల చదువంట. ఊళ్లో నవ్వుకుంటన్నారు."

"నవ్వనీ."

కూతురు సూర్యకుమారిని ఆ చదువుకు పంపింది ముత్తయ్యే. నేరాలు, శిక్షలు, కోర్టులు, వాటికి సర్కారు పెట్టే పద్ధతులు. డాక్టరు చదివించమని చుట్టాలు పోరారు. అతను బేరం ఇంకోలా చూశాడు. లా చదివితే ఒక కేసు వాదిస్తుంది. ఇది చదివితే జైళ్ల శాఖో, కోర్టుల మీద వేసే కమిటీయో పిలిచి కుర్చీ వేస్తుంది. అప్పుడు పద్ధతినే మార్చొచ్చు.

పిల్ల బంగారం. బాపట్ల, తెనాలి, రేపల్లె కోర్టుల్లో నెలల తరబడి పాత కట్టలు దులిపింది. "తీర్పు కంటే ఈ తిప్పడమే పెద్ద శిక్ష నాన్నా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. హైదరాబాదులో కమిటీ ఉద్యోగం వచ్చింది. అక్కడ ఆమె రాసిచ్చిన సలహాను సర్కారు ఒప్పుకుంది.

"ఆ అమ్మాయితో చెప్పి ఈ వాయిదాలకి మందేదన్నా వేయించండి. మీకైతే కొట్టు చూసేవాళ్లున్నారు. నేను కూలి మానుకుని వస్తన్నా" అంది సుబ్బులమ్మ.

"వేసిందిలే" అన్నాడు ముత్తయ్య, మొహం తిప్పుకుని.

లోపల్నుంచి పిలుపు వచ్చింది. పన్నెండేళ్ల కేసుకు ఐదు నిమిషాలు పట్టింది. ముత్తయ్య బయటికి రాగానే సుబ్బులమ్మ లేచి నిలబడింది.

"తీర్పు ఏంటండీ?"

"తీర్పంటూ లేదు. పదేళ్లు దాటిన చిన్న కేసులన్నీ మూసేయమని ఆర్డరు వచ్చింది."

"చిన్న కేసా?"

ముత్తయ్య చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

"మరి మళ్లీ ఎప్పుడు రావాలి?"

"ఇంక రానక్కర్లేదు."

సుబ్బులమ్మ స్తంభం దగ్గరికి వెళ్లి మళ్లీ కూర్చుంది. సాయంత్రం రేపల్లె బండికి ముత్తయ్య ఒక్కడే ఎక్కాడు.

బస్తాలు మోస్తుండగా మిల్లు గోడ కూలి సుబ్బులమ్మ మొగుడు చచ్చిపోయిన ఆ కేసులో ముద్దాయి ముత్తయ్యే.