ఒడ్డు ఖాళీ చేయించిన గురక

సిటీ బయట చెరువు పార్కులో టెంటు వేసుకుని, భోజనాలయ్యాయో లేదో, లోపల్నుంచి మా అత్తగారి గురక మొదలైంది. అలాంటిలాంటి గురక కాదు. ఒడ్డున కునుకు తీస్తున్న బాతులు కూడా లేచి నీళ్ళలోకి దిగిపోయాయి.

పక్క టెంటాయన గంటసేపు ఓర్చుకుని వచ్చాడు. "ఏవండీ, లోపల జనరేటర్ గానీ పెట్టారా?"

"మా ఆవిడండీ," అన్నారు మామగారు గర్వంగా.

"కాస్త లేపండి సార్, మీకు పుణ్యముంటుంది."

"నా వల్ల కాదు బాబూ."

ఆయన గొణుక్కుంటూ టెంటు పీకేశాడు. ఆయన్ని చూసి మిగతా రెండు కుటుంబాలూ మూటాముల్లే సర్దుకున్నాయి. ఏటా ఇదే తంతు. ఆవిడ గురక ధర్మమా అని ఒడ్డంతా మాదే.

మామగారు చేటంత మొహం చేసుకుని టెంటులో దూరారు. కాసేపటికి నేనూ తొంగి చూశాను. ఆయన పక్కన ఖాళీ దిండు. దాని మీద ఆయన ఫోను, ఫుల్ సౌండుతో గురక పెడుతోంది.

"ఇక ఆపెయ్యండి మామయ్యా, అందరూ వెళ్ళిపోయారు."

"ఉండనీ అల్లుడూ," అన్నారు కళ్ళు తెరవకుండానే. "ఆవిడ పోయాక ఇవాళే కాస్త నిద్ర పట్టేలా ఉంది."