మేకబాబాయి వెనకవైపు

యుద్ధం మొదలయ్యాక పేపర్లో రోజూ చనిపోయిన సైనికుల పేర్లు వేస్తున్నారు. ఆ పేజీకి వెనకవైపే మేకబాబాయి కామిక్.

ముందు నేను పేర్లు చదివేదాన్ని. మా ఆయన పేరు లేదని తేలాకే అత్తయ్య కామిక్ కత్తిరించి నోటుబుక్కులో అంటించేది. ఇద్దరం నవ్వుకుని అప్పుడు టీ తాగేవాళ్లం.

ఒకరోజు నేను లేచేసరికే కత్తిరించి అంటించేసింది.

"ఆగలేకపోయానే. బాబాయి తన గడ్డం తనే నమిలేశాడు, చూడు," అంది.

కడుపుబ్బేలా నవ్వాను. మిగిలిన పేర్లు చదివాను. ఆయనది లేదు. ఆ రోజు నుంచీ ముందు కామిక్, తర్వాతే పేర్లు.

నిన్న వానజల్లుకి నోటుబుక్కు తడిసింది. ఆరబెడుతుంటే గడ్డం నమిలే బాబాయి ఊడి నా చేతికొచ్చాడు. వెనక్కి తిప్పాను. మా ఆయన పేరు. చుట్టూ పెన్సిలు గీత. తేదీ చూస్తే ఇరవై రోజుల కిందటిది.

ఆ ఇరవై రోజులూ అత్తయ్య నాతోపాటు నవ్వుతూనే ఉంది.

జిగురు రాసి, మళ్లీ అక్కడే అంటించాను.

ఇవాళ పేపరు రాగానే కత్తెర నేనే తెచ్చిచ్చాను. "పేర్లెందుకులే అత్తయ్యా. బాబాయి ఏం చేశాడో చూద్దాం," అన్నాను.

అత్తయ్య నా మొహంలోకి చూసింది. చాలాసేపు కత్తెర తెరవలేదు.