వేళాకోళపు చుట్టరికం

మా జుమానా మంత్రి అయ్యాడండీ! నా కొడుకే! అక్షరమ్ముక్క సరిగా రాని నాలాంటి వాడి కొడుకే! రాజధాని బమాకో నుంచి మా ఊరు సెగూకి వాడు మంత్రిగా మొదటిసారి వచ్చిన రోజున సంతోషంతో నా కాలు నేల మీద నిలవలేదు.

వాడు కారు దిగగానే ముసలి న్యాగలే దారికి అడ్డం నిలబడింది. మేం జారా వాళ్ళం, వాళ్ళు త్రావోరే వాళ్ళు. తాతల నాటి నుంచీ మా రెండు వంశాలదీ వేళాకోళపు చుట్టరికం. బొబ్బర్లు మెక్కేవాళ్ళనీ, మా పాలేర్లనీ ఒకరినొకరు ఎంత తిట్టుకున్నా నవ్వాలే తప్ప కోపం రాకూడదు. నా భార్య పోయిన రోజున కూడా నన్ను తిట్టి నవ్వించింది ఆ న్యాగలేనే.

“ఒరేయ్ బొబ్బర్లపొట్టా! మా పాలేరుకి కారెవడిచ్చాడ్రా? ముందు నా కాళ్ళు కడుగు, తర్వాత దేశాన్ని ఏలుదువుగాని!”

జనమంతా గొల్లున నవ్వారు. అందరికంటే నేనే ఎక్కువ నవ్వాను.

జుమానా నవ్వలేదు. “ఈవిణ్ణి అవతలికి తీసుకెళ్ళండి,” అన్నాడు. పోలీసులు రెక్క పట్టుకు లాగితే ఆమె తలగుడ్డ దుమ్ములో పడింది.

సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు పొద్దున్నే క్షమాపణకి మా ఆనవాయితీ ప్రకారం కోలాకాయలు పట్టుకుని ఆమె గడప ముందు నిలబడ్డాను. తిరిగి నాలుగు తిట్లు తిట్టిందా, క్షమించినట్టే!

“ఏమే బొబ్బర్ల దొంగా, బతికే ఉన్నావా? నీ యజమాని వచ్చాడు, లేచి నీళ్ళియ్యి!” అన్నాను.

న్యాగలే లేచింది. తలగుడ్డ సర్దుకుని, కుర్చీ తుడిచి వేసింది.

“దయచేయండి. మంత్రిగారు కులాసానా అండీ?” అంది.