ఎంపీ గారి సిఫారసు

“చేతులు దించు రామచంద్రం. గీయనకెందుకు దండం?” అన్నాడు హనుమండ్లు, ఎంపీకి వినబడేటట్టే.

ఎంపీ క్యాంపు ఆఫీసులో అందరూ తలలు తిప్పి చూశారు. ముప్పై నాలుగేళ్లు బొగ్గుబాయిలో దిగి రిటైరైన మనుషులు ఇద్దరూ. అయినా రామచంద్రం చేతులు దించలేదు. పీఏ సాగర్ కాగితాలు ఒక్కొక్కటే జరుపుతుంటే ఎంపీ సంతకాలు పెడుతూనే నవ్వాడు. కొండగట్టు గుడికి పోయే తొందరలో ఉన్నాడాయన.

“పెద్దమనిషికి కోపమొచ్చినట్టుంది. ఏం సమస్య?”

“రిటైరైన దినం పదిహేను వందల పింఛన్. ఇయ్యాల గదే పదిహేను వందలు. నడుమ ఇరవై ఏండ్లు పోయినయ్. దమ్ము మందుకే నెలకు పదకొండు వందలైతయ్. మందు కొంటే బియ్యం లేవు, బియ్యం కొంటే ఊపిరి లేదు.”

“అది ఢిల్లీల ఉన్న ఫైలు. కమిటీ చూడాలె, లెక్కలు తియ్యాలె. జర ఓపిక పట్టాలె.”

“మీ ఫైలుకు కమిటీ లేదా? మొదట్ల ఎంపీకి నెలకు నాలుగు వందలుండె. ఇప్పుడు లక్షా ఇరవై నాలుగు వేలు. అది గూడ రెండేండ్ల ఎనుకటి సంది లెక్కగట్టి తీసుకున్నరు.”

సాగర్ మొహం మాడింది. ఎంపీ కలం మాత్రం ఆగలేదు.

“మాది చట్టం. ధరలు పెరిగితే దానంతట అదే పెరుగుతది.”

“గా ధరలు మా కాలనీకి రావా?”

అంతలో దగ్గు తెర కమ్ముకొచ్చింది. హనుమండ్లు గోడ పట్టుకున్నాడు. ఒళ్లంతా మండిపోతోంది, నోట మాట మాత్రం రావడం లేదు. తిట్టడానికి కూడా ఊపిరి మిగల్చలేదు కదా వీళ్లు అనుకున్నాడు.

సందు చూసుకుని రామచంద్రం ముందుకు జరిగాడు. “మావోడు గట్లనే అంటడు సార్, మనసుల పెట్టుకోకుండ్రి. ఉత్తరం మీ లెటర్‌ప్యాడ్ మీదనే టైపు చేయించుకొచ్చిన. సంతకం పెడితే చాలు.”

ఆ ఆఫీసులో అందరూ చేసేది అదే. సాగర్ లెటర్‌ప్యాడ్ కాగితం ఇస్తాడు, ఎవరికి కావలసింది వాళ్లు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో టైపు చేయించుకుంటారు. ఎంపీ సంతకం గీకాడు. సాగర్ ముద్ర గుద్దాడు.

“ఒక్క ఫోటో సార్. కాగితం జర ఎత్తి పట్టుకోండ్రి,” అంటూ రామచంద్రం ఫోన్ తీశాడు.

ఎంపీ ఎత్తి పట్టుకుని పళ్లన్నీ కనబడేటట్టు నవ్వాడు.

బయటికి రాగానే హనుమండ్లు స్నేహితుడి మీద పడ్డాడు. “నీకు సిగ్గున్నదా? గిసొంటి సిఫారసులు ఇప్పటికి ఎన్ని తెచ్చినం? కాళ్లు మొక్కుడొక్కటే తక్కువైంది నీకు. ఇటియ్యి, చింపి మోరీల పడేస్త.”

“చింపుదువు గని ముందుగాల సదువు. జర గట్టిగ సదువు, పేపరోళ్లు గా హోటల్ల చాయ్ తాగుతున్నరు.”

హనుమండ్లు కాగితం గుంజుకుని కళ్లజోడు సర్దుకున్నాడు. ఎంపీ సంతకానికి పైన ఉన్నది ఒక్కటే వాక్యం:

“లోక్‌సభ స్పీకర్ గారికి, బొగ్గుగని కార్మికుల పింఛను పెరిగేదాకా నాకు పెరిగిన జీతం వద్దనీ, ఇదివరకే తీసుకున్న రెండేళ్ల బకాయి కూడా వెనక్కి ఇచ్చేస్తాననీ ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.”