తిరిగిచ్చే జీతం

సబ్బు నురగలో చెయ్యి ముంచి, మిగిలిన ఒక్క బంగారు గాజునూ లాగుతోంది సుహైలా. అది అమ్మితేగాని చిన్న కూతురు లమీస్‌ లెక్కల డిగ్రీకి ఫీజు కట్టలేదు.

“అమ్మొద్దమ్మా! ఆ చదువుకంత ఖర్చు దండగ,” అంది లెక్కల టీచరైన పెద్దకూతురు నుహా.

“నీ చదువుకు నా గాజులన్నీ పోయాయి. నెలనెలా జీతం తెచ్చుకుంటూ చెల్లెలికి అడ్డుపడతావా? సిగ్గులేదూ?”

“ఏం జీతం? బ్యాంకులో పడిన సాయంత్రమే సగం తీసి స్కూలు యజమాని చేతిలో పెట్టాలి. టీచర్లమంతా అంతే. లేదంటే పొమ్మంటాడు.”

సుహైలా చెయ్యి నీళ్లలోనే ఆగిపోయింది. ఇన్నాళ్లూ కూతురు పిసినారిదనుకుంది.

“నాకెందుకు చెప్పలేదే?”

“నీ బోసి చేతులు చూస్తే నోరు రాలేదు.”

సుహైలా తడిచేతులతోనే తలకు గుడ్డ చుట్టుకుంది. “పద, వాడి ఇల్లు చూపించు.”

“ఉద్యోగం పోతుందమ్మా!”

“పోతే పోనీ. లమీస్, నువ్వూ రా. రేపు నువ్వూ టీచరయ్యేదానివేగా. ఫీజు కట్టేముందు వాడి మొహం చూసుకో.”