సీతారామలక్ష్మి గారికి సన్మానం

"ఏవండీ సెక్రటరీ గారూ, గోదావరికి వీపు పెట్టి కూర్చోమంటారా?"

సూర్యప్రకాశం గారి మార్నింగ్ వాక్ అక్కడితో ఆగిపోయింది.

అడిగినావిడ కొత్త సిమెంటు బెంచీ పక్కన గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. బెంచీ రోడ్డు వైపు తిరిగి ఉంది.

"వచ్చేపోయేవాళ్ళు కనిపిస్తారనండి," అన్నారాయన.

"లారీలు చూడ్డానికి పార్కు దాకా రావాలేంటండీ? మా వీధి అరుగు మీద కూర్చున్నా కనిపిస్తాయి."

ఆయన సణుక్కుంటూనే బెంచీలు తిప్పించారు.

ఒకప్పుడా పార్కు చోట కలప మిల్లుండేది. పోలవరం పైనుంచి దుంగలు తెప్పలుగా కట్టి తెచ్చి ఆ రేవులోనే దించేవారు. మిల్లు మూతపడ్డాక చాలాకాలం తుప్పు రేకులూ, రంపపు పొట్టూ, పాములూ మిగిలాయి. పుష్కరాల ముందు దాన్ని పార్కు చేశారు. భీమవరంలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరై, ఆ తర్వాతే రాజమండ్రిలో ఇల్లు కట్టుకున్న సూర్యప్రకాశం గారు పార్కు సంఘానికి సెక్రటరీ అయ్యారు.

ఆయనకి ఆ పార్కంటే ప్రాణం.

ఆ ప్రాణం తీయడానికే పుట్టినట్టుండేవారు ఆ గొడుగావిడ, సీతారామలక్ష్మి గారు.

"గడ్డి తొక్కరాదన్న బోర్డు గడ్డి మధ్యలో పాతారేంటండీ? చదవాలంటే తొక్కాలి కదా."

బోర్డు మార్చారు.

"ఆ సిమెంటు నెమలికి కాకి మొహం వచ్చిందండీ. పిల్లలు జడుసుకుంటున్నారు."

నెమలికి మళ్ళీ రంగులేశారు. ఈసారి కోడిలా తయారైంది. ఆవిడ అదీ చెప్పారు.

"అసలెవరండీ ఈవిడ?" అన్నారు సూర్యప్రకాశం గారు, సంఘం ప్రెసిడెంటు పల్లంరాజు గారితో.

"నాకేం తెలుసండి? రొయ్యల చెరువులమ్మేసి నేనూ మొన్నే కదా ఊళ్ళోకొచ్చింది."

"ఎలా వదిలించుకోవాలండీ?"

"పెద్దావిడని రావద్దంటే బావుండదు. సన్మానం చేసేద్దామండి."

"సన్మానమా? దేనికండీ?"

"మన వైపు మెడలో దండ పడ్డాక ఎవరికైనా నోరు లేవదండి. మొహమాటం అడ్డొస్తుంది."

ఆదివారం పొద్దున్నే షామియానా వేశారు. శాలువా కప్పి, దండేసి, ఆత్రేయపురం పూతరేకుల పెట్టె చేతిలో పెట్టారు.

"పార్కు కోసం మాట్లాడి మాట్లాడి అలిసిపోయిన అమ్మగారు ఇకనైనా విశ్రాంతి తీసుకోవాలని మా కోరిక," అన్నారు సూర్యప్రకాశం గారు మైకులో.

"అంటే నోరు మూసుకోమంటారు. అంతే కదండీ?"

"అబ్బెబ్బె, ఎంతమాట."

ఆవిడ గోదావరి వైపు తిరిగారు.

"సరేనండి. ఇంత మర్యాద చేశాక కాదంటే బావుండదు. గోదారమ్మ సాక్షిగా మాటిస్తున్నాను, ఈ పార్కు గురించి ఇక ఎవరితోనూ ఏమీ అనను."

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది సూర్యప్రకాశం గారే.

ఆవిడ అన్నమాట నిలబెట్టుకున్నారు. కుళాయి కారి దారంతా బురదైనా, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దాటి వెళ్ళిపోయేవారు.

ఈయన ఊరుకోలేక అడిగేవారు. "కుళాయి చూశారాండీ?"

"చూశానండి."

"ఏమీ అనరా?"

"మాటిచ్చాను కదండీ."

సూర్యప్రకాశం గారికి ప్రాణం ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

ఒకరోజు ఆయన వచ్చేసరికి నది వైపు సగం పార్కులో ఎర్రజెండాల కర్రలు పాతి, ఎవరో టేపులతో కొలుస్తున్నారు. అక్కడ పెద్ద హోటలు కడతారట. ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

సీతారామలక్ష్మి గారూ అక్కడే ఉన్నారు. ఆ కర్రలకేసి చాలాసేపు చూశారు. ఏదో అనబోయి ఆగిపోయారు. గొడుగు విప్పుకుని వెళ్ళిపోయారు.

సూర్యప్రకాశం గారూ, పల్లంరాజు గారూ మండిపడుతూ కార్పొరేషన్ పై ఆఫీసరు దగ్గరికెళ్ళారు. ఆయన ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ తెప్పించారు. కాఫీ తాగాక ఏమనడానికీ వీళ్ళకి నోరు రాలేదు. నమస్కారం పెట్టి వచ్చేశారు.

అక్కణ్ణుంచి లాయరు శరత్‌చంద్ర గారింటికి పరిగెత్తారు.

"మీ వల్ల కాదండి," అన్నారాయన అంతా విని. "మిల్లు మూతపడ్డప్పుడే ఈ హోటలు వాళ్ళు ఆ స్థలం మీద కన్నేశారు. అప్పుడు ఒకావిడ ఒంటిచేత్తో ఆపింది. ఏ ఆఫీసరొచ్చినా గుమ్మం దగ్గర ఆవిడే. కోర్టు మెట్లూ ఎక్కింది. జనానికి పార్కు కావాలని అడిగి అడిగి ప్రాణాలు తోడేసింది. ఆ పోరు పడలేకే పార్కు ఇచ్చారు. ఇప్పుడూ వాళ్ళని ఆపితే ఆవిడే ఆపాలి."

సూర్యప్రకాశం గారి మొహం వెలిగిపోయింది.

"అలాంటి మనిషే కావాలండి. ఏ ఊళ్ళో ఉన్నా వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను. ఎవరండీ ఆవిడ?"

శరత్‌చంద్ర గారు కళ్ళజోడు తీసి, ఆయనకేసి జాలిగా చూశారు.

"మీరు గోదారమ్మ సాక్షిగా నోరు కట్టేశారే, ఆవిడేనండి."